సముద్రానికి సర్వే నంబరెంత?

సముద్రాన్ని బాగుచేయాలంటే దాని మొహం చూడకూడదు. ఈ సంగతి తెలియక దేశమంతా కొట్టుకులాడుతుంటే మా నరసరావుపేట చేసి చూపించింది.

ఎనభై ఆరులో తీర సంపద అభివృద్ధి ఆఫీసొకటి మా ఊళ్లో తెరిచారు. సముద్రానికి పోవాలంటే మేం రెండు బస్సులు మారాలి. అయితే ఏంది? ఒడ్డునే పెడితే ఉప్పుగాలికి బీరువాలు తుప్పు పట్టవూ? పైగా ఆఫీసరు ప్రభాకరరావు గారికి చేపల వాసన పడదు. అంతకుముందు ఆయన రెవెన్యూలో ఉండి వెల్దుర్తి మెట్టపొలాలు కొలిచిన మనిషి. అన్ని ఎకరాలు కొలిచినాయనకి సముద్రమొక లెక్కా!

ఆ ఆఫీసుకి ఒడ్డు నించి సామ్యేలనే ఆయన అర్జీ పట్టుకొచ్చాడు. చిన్న పడవ, చేత్తో లాగే వల, అదే ఆయన బతుకు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ పెద్ద మరపడవల్ని ఒడ్డు దాపుకి రానీయొద్దని ఆయన గోడు. వస్తే గుడ్డూ పిల్లా ఊడ్చుకుపోతయ్, ఆనక పట్టుకోను ఏమీ మిగలదు. ఆ రెండు నెలలు మేమూ వల దించబోమని వాళ్ల పేటంతా వేలిముద్రలేసిన కాగితమది.

ప్రభాకరరావు గారు శ్రద్ధగా చదివారు.

"సర్వే నంబరెంతయ్యా?"

"దేనికయ్యా?"

"సముద్రానికి. అడంగల్ నకలు లేకుండా ఆర్డరెట్లా ఇస్తాం?"

కరణాలు పోయినా అడంగల్ మీద మా భక్తి పోలేదు. ఏ నేలలో ఏ పైరుందో రాసే ఆ పుస్తకంలోకి ఎక్కనిది మాకు లోకంలో లేనట్టే. పాపం, సముద్రపోళ్లకి ఈ మాత్రం తెలియదు.

సామ్యేలు ఏడుసార్లు తిరిగాడు. చూసి చూసి జాలేసి ప్రభాకరరావు గారే ఒక అడంగల్ తయారు చేశారు. మెట్టా, మాగాణా? నీళ్లు చానా ఉన్నయ్ గనక మాగాణి. పైరు? చేపలకి ఫారంలో గడి లేదు, కాబట్టి నిల్. పైరు లేని నేలని ఏమంటారు? బంజరు.

బంజరు ఊరికే పడుండొచ్చా? వెంటనే మరపడవల కంపెనీకి లీజుకిచ్చారు, సరిగ్గా చేపలు గుడ్లు పెట్టే నెలల్లోనే. ఇంత చురుకైన ఆఫీసుని మీరెక్కడన్నా చూశారా?

"అయ్యా, అది బంజరు కాదు, మా కడుపు," అన్నాడంట సామ్యేలు.

"కడుపుకి కాలమ్ లేదయ్యా," అన్నారంట ఆయన. అబద్ధమాడలేదు, నేనూ ఆ ఫారం చూశాను.

మొన్న జిన్నింగు మిల్లు ముందర పత్తి బోరేలు మోస్తూ సామ్యేలు కనపడ్డాడు. నూర్ మొహమ్మద్ కొట్లో టీ ఇప్పించాను.

"ఏందయ్యా, పడవ వదిలి ఇట్లా వచ్చావ్?"

"లీజిచ్చి రెండేళ్లయిందన్నా. ఇప్పుడు వల దించితే నీళ్లే వస్తున్నయ్. పడవ పొయ్యిలోకి పోయింది."

ఆయనకి ఇంకో టీ చెప్పాను. అయినా న్యాయం మాట్లాడాలి గదా! ఆఫీసుని ఆడిపోసుకునేవాళ్లు ఇప్పుడేమంటారు? సముద్రం బంజరని వాళ్లు ఎనభై ఆరులోనే రాశారు. రాసినట్టు కావడానికి సముద్రానికే రెండేళ్లు పట్టింది. ఆలస్యం ఆఫీసుది కాదు.