తాతగారి నాలుగు సెకన్ల నిద్ర

ఆ ఉదయం నోట్సమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కంపెనీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో వేగం పెంచిన మార్పులు తొమ్మిది ఉన్నాయి. వాడేవాళ్ళకు పనికొచ్చేవి మూడు ఏరి, వెర్షన్‌తో పాటు వాళ్ళకిచ్చే రిలీజ్ నోట్స్‌లో రాసి, పన్నెండింటికల్లా మేనేజరుకు ఇచ్చేయాలి. ఏళ్ళ తరబడి ఆ నోట్స్ రాస్తున్నందుకే ఆఫీసులో ఆమెకు ఆ పేరు పడింది. పక్కవాళ్ళు తుమ్మినా ఎందుకు తుమ్మారా అని ఆరా తీసే మనిషి.

ప్రోగ్రామర్లు రాసిచ్చిన మార్పుల జాబితాలో ఎనిమిదో దాని దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి: "తాతగారి నిద్ర తీసేశాను. నాలుగు సెకన్లు కలిసొచ్చాయి."

రాసింది కొత్తగా చేరిన ప్రోగ్రామరమ్మ. జాబితాలో కోడ్ ముక్క ఒక్కటీ కనబడకూడదు, అంతా మామూలు మాటల్లోనే ఉండాలని మేనేజరు హుకుం. తాతగారంటే ఆ ఆఫీసులో అందరికంటే పాత ప్రోగ్రామరు. భోజనం కాగానే కుర్చీలోనే ఓ కునుకు తీస్తారు. ఆయన ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి. మరో ఏడాది పొడిగించే కాగితం ఆవేళే సంతకం కోసం మేనేజరు బల్ల మీదికి వచ్చింది.

"అమ్మ దొంగా! సంతకం రోజే చూసి ఆయన కునుకు జాబితాకెక్కించావా?" అనుకుంది నోట్సమ్మ. ఒళ్ళు మండిపోయింది. నాలుగు సెకన్లేమిటో అర్థం కాలేదు గానీ, ఆమె అనుమానానికి అంత అర్థం అక్కర్లేదు. ఎనిమిదో మార్పును చప్పుడు చేయకుండా చెరిపేసి, తాతగారి దగ్గరికి పరిగెత్తింది.

"తాతగారూ, ఇవాళ ఒక్కరోజు కన్నుమూయకండి!"

"ఛ, పొద్దున్నే అవేం మాటలమ్మా!"

"అది కాదండీ. మీ వెనకాల గోతులు తవ్వుతున్నారు. కునుకు తీయకండి, అంతే."

తాతగారు వరసగా మూడు కాఫీలు తాగి, కళ్ళు ఇంతింత చేసుకుని, దారిన పోయేవాళ్ళనల్లా అనుమానంగా చూడటం మొదలుపెట్టారు.

అవతల మేనేజరు జాబితా పట్టుకుని నోట్సమ్మను పిలిచాడు. "ఏడు తర్వాత తొమ్మిదొచ్చిందేంటమ్మా?"

"ఎనిమిది అంత ముఖ్యం కాదు సార్."

"కాకపోతే దాచడమెందుకు?" అంటూ ఆయన కంప్యూటర్లో పాత ప్రతి తెరిచాడు. చదివి, ముఖం చిట్లించి, తాతగారికి కబురు పెట్టాడు.

తాతగారు గుమ్మంలోంచే అందుకున్నారు. "రెండంటే రెండు నిమిషాలే సార్! అదీ భోజనమయ్యాక!"

"రెండు నిమిషాలా? ఇక్కడ నాలుగు సెకన్లేగా ఉంది! మిగతాది ఎవరు మింగారు?" మేనేజరు సంతకం కాగితాన్ని పక్కకు నెట్టి, పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ ఉద్యోగం పోతే ఇంకెక్కడా ఎవరూ తీసుకునే వయసు కాదు తాతగారిది.

గోల విని ప్రోగ్రామరమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, అది మనిషి నిద్ర కాదు సార్! ప్రోగ్రాం ఏ పనీ చేయకుండా కాసేపు ఆగిపోవాలంటే కోడ్‌లో 'స్లీప్' అని రాస్తాం. రిపోర్టు బటన్ నొక్కినప్పుడు అలా ఆగేలా తాతగారు ఎప్పుడో పెట్టారు. కోడ్ ముక్క రాయొద్దన్నారుగా, అందుకని నిద్ర అని రాశాను."

నోట్సమ్మ నాలుక కరుచుకుంది. మేనేజరు హమ్మయ్య అని పెన్ను తీశాడు, తీసి ఆగిపోయాడు.

"ఏ పనీ చేయకుండానా? మరి ఎందుకు పెట్టినట్టు?"

తాతగారు నేల చూపులు చూశారు. "అప్పట్లో పది సెకన్లు పెట్టాను సార్. వేగం పెంచాలని మీరు అడిగిన ప్రతి ఏడాదీ ఒక్కో సెకను తీస్తూ వచ్చాను. ఇప్పటికి ఆరు తీశాను."

మేనేజరు మెల్లగా తల తిప్పి గోడ వంక చూశాడు. ఏటేటా వేగం పెంచినందుకు పైవాళ్ళు ఆయనకిచ్చిన ప్రశంసాపత్రాలు అక్కడ వరసగా వేలాడుతున్నాయి. మొత్తం ఆరు.

మేనేజరు లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఏమ్మా ప్రోగ్రామరూ, ఒక్క సెకను తీసి, మూడు మళ్ళీ పెట్టేయ్. నోట్సమ్మా, 'రిపోర్టు ఒక సెకను వేగంగా వస్తుంది' అని రాయి. ఇంకేం రాయకు."

ఆ తర్వాత సంతకం పెట్టబోతూ ఒక్క క్షణం ఆలోచించి, కాగితం మీది "ఒక ఏడాది" కొట్టేసి "మూడేళ్ళు" అని దిద్దాడు.