అడక్కుండానే తీర్చేసిన అవసరాలు

అయ్యా, అమ్మా! విద్యార్థులకు ఏం కావాలో విద్యార్థులనే అడిగిన రోజున ఈ దేశంలో చదువు చట్టుబండలవుతుంది!

ఇది గాలి కబురు కాదు. ఒంగోలు శివార్లలో ఓ డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. పైగా మా కాలేజీ 'విద్యార్థి అవసరాల కమిటీ'లో సభ్యుణ్ణి. కమిటీలో తొమ్మిదిమందిమి. విద్యార్థి ఒక్కరూ లేరు. ఉంటే పని సాగుతుందా, మీరే చెప్పండి?

అయినా మేం నిరంకుశులం కాదు, సర్వే చేశాం. కొత్త లెర్నింగ్ లాంజ్‌లో బీన్ బ్యాగులు ఏ రంగువి వెయ్యాలి? ఏసీ ఎంతలో పెట్టాలి? గోడ మీద కొటేషన్ ఇంగ్లీషులో ఉండాలా, అర్థంకాని ఇంగ్లీషులో ఉండాలా? పిల్లలంతా బుద్ధిగా టిక్కులు పెట్టారు. ఒక్కతి మాత్రం కాగితం వెనక్కి తిప్పి రాసింది: "కోతల నెలల్లో పొద్దుటి హాజరు తొమ్మిదిన్నరకి తీసుకోండి సార్. మా బస్సు తొమ్మిదింబావుకి గానీ రాదు."

ఆ పిల్ల ఫెబా. బీఎస్సీ రెండో ఏడు, పొదిలి దగ్గర పల్లె. మామూలు రోజుల్లో ఊరి ఆటోలో రోడ్డెక్కి తొలి బస్సు అందుకునేది. మిరపకోతలు మొదలయ్యాయంటే ఆటోలన్నీ కూలీలను ఎక్కించుకుని చేలకు పోతాయి. ఆ కూలీల్లో వాళ్లమ్మ ఎలీసమ్మ కూడా ఉంది. ఇక ఈ పిల్ల నడిచి రోడ్డెక్కేసరికి దక్కేది రెండో బస్సే. మా దగ్గర హాజరు రోజుకి రెండుసార్లు, పూటకోసారి. పొద్దున ఎనిమిదిన్నరకి లేకపోతే ఆ పూటంతా లేనట్టే. డెబ్బై అయిదు శాతం తగ్గితే హాల్ టికెట్ ఇవ్వరు, పరీక్ష రాయనివ్వరు.

కమిటీలో ఈ సంగతి చర్చకొచ్చింది. "ఒక్క పిల్ల కోసం బెల్లు మారుస్తామా అండీ?" అన్నారు ప్రిన్సిపాల్ జ్ఞానప్రసూనాంబ గారు. "అయినా ఫారంలో ఆ కాలమే లేదు కదా!"

ఎంత న్యాయమైన మాట! కాలమ్ లేని అవసరం అవసరమెలా అవుతుంది? నేనూ తలూపాను. నా స్కూటర్ ఎనిమిదింబావుకే చేరుతుంది మరి.

లాంజ్ మాత్రం అద్భుతం. మార్టూరు గ్రానైట్ నేల, మొహం చూసుకోవచ్చు. తలుపుకి తాళం ఇంకా అద్భుతం! పిల్లలు వాడితే పిల్లల కోసం కట్టింది పాడైపోదూ? తాళంచెవి అటెండర్ బాలస్వామి మొలతాడుకే ఉండేది. "ఇన్‌స్పెక్షనోళ్లు వచ్చిందాకా ఎవురూ తొక్కమాకండి!" అని కేకలేసేవాడు.

కిందటి నెల ఇన్‌స్పెక్షన్ వాళ్లు రానే వచ్చారు, మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకి. పల్లెటూరి విద్యార్థిని లాంజ్‌లో చదువుకుంటున్న ఫొటో కావాలన్నారు. ప్రిన్సిపాల్ గారికి ఠక్కున ఫెబా గుర్తొచ్చింది. చూశారా, పిల్లల్ని మేం ఎంత బాగా గుర్తుపెట్టుకుంటామో! నీలం బీన్ బ్యాగ్‌లో కూలదోసి, చేతిలో ట్యాబ్ పెట్టారు. ఆ పిల్ల లేవబోయింది.

"మేడమ్, క్లాసుందండీ. ఈ ఒక్క పూట పోతే నాకు డెబ్బై అయిదు రాదండీ."

"అబ్బ, కూర్చోమ్మా! కాస్త నవ్వు!"

నవ్వింది. ఫొటో బ్రోచర్ అట్ట మీదికెక్కింది. 'మీ అవసరమే మా ఆవరణ' అని దాని కింద నినాదం రాసింది నేనే. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను.

ఫెబాకి హాల్ టికెట్ రాలేదు. ఒకే ఒక్క పూట తక్కువైంది.

మొన్న ఎలీసమ్మ కోత మానుకుని కాలేజీకొచ్చింది. చేతిలో మా బ్రోచరే. స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి నన్నే అడిగింది.

"సారూ, ఆ పూట మా పిల్ల కాలేజీలోనే ఉంది గదండీ. మీరే బొమ్మ ఏశారు గదా. మరి లేదని ఎవురు రాశారండీ?"

ప్రిన్సిపాల్ గారిని అడగమ్మా అని తప్పించుకున్నాను. ఆ మధ్యాహ్నం మొదటి పీరియడ్ తెలుగు. ఫెబా పేరు పిలిచింది నేను. పక్క గదిలో ఫొటోకి కూర్చుని ఉందని పిల్లలు చెప్పారు కూడా. విని, ఆబ్సెంట్ వేసింది నేనే.