షార్ప్‌లెస్ కౌంటీలో కలుపుమొక్క రక్షణ పొందిన విధము

కాన్సస్ రాష్ట్రం, షార్ప్‌లెస్ కౌంటీలో ప్రాణులు మారవని పదకొండేళ్ళ కిందట ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం ప్రతిని ఫ్రేము కట్టించి, కోర్టు భవనంలో ఒకటీ, బాప్టిస్టు చర్చి భోజనశాలలో కాఫీ పాత్రకు పైన ఒకటీ తగిలించారు. ఆనాటి నుంచి కౌంటీలోని ఆవులు, కోళ్ళు, పిచ్చుకలు, ఓటర్లు తీర్మానాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ వచ్చారు. ధిక్కరించింది ఒక్క పిగ్‌వీడ్ మాత్రమే.

పిగ్‌వీడ్ అంటే భయపడనక్కర్లేదు, మన తోటకూరకు దాయాది. కాకపోతే పప్పులో వేసుకునే వయసు దాటనిస్తే మనిషిని మించి పెరుగుతుంది, ఆడమొక్క ఒక్కటే లక్షల గింజలు రాలుస్తుంది. తీర్మానం చేసిన ఏడు ఒక మందు కొడితే చచ్చేది. తర్వాత రెండు మందులు కలపాల్సి వచ్చింది. ఇప్పుడు మూడు కలిపి కొడితే మర్యాదకు ఒక పూట తల వాల్చి, మర్నాడు లేచి నిలబడుతోంది. రైతులు ఏటా కొత్త మందు కొంటూ, ఏటా ఏదీ మారలేదని ప్రకటిస్తూ వచ్చారు. ఇంతటి నిబ్బరం అందరికీ అబ్బదు.

మొక్క ఏం చేస్తోందో రైతులకు వివరించడానికి ప్రభుత్వం అక్కడ వెర్లిన్ హోస్టెట్లర్ అనే వ్యవసాయ విస్తరణాధికారిని నియమించింది. 'పరిణామం' అన్న మాట ఒక్కటి వాడకుండా ఏదైనా చెప్పుకునే పూర్తి స్వేచ్ఛ అతనికి ఉంది. అతనికి ముందు పనిచేసిన అధికారి ఒక సభలో తుమ్ము ఆపుకోబోయి ఆ మాట అనేశాడు. నాలుగు వందల సంతకాలతో వినతిపత్రం వెళ్ళింది. అందుకని వెర్లిన్ తన నెలవారీ నివేదికలో "పదమూడు వేల ఎకరాల్లో కలుపు దారి తప్పినది" అని రాసేవాడు. పై అధికారులు చదివి సంతోషించేవారు.

కానీ ఈ ఏడు వెర్లిన్‌కు నిద్ర పట్టడం లేదు. చర్చిని ఆనుకున్న ఎనభై ఎకరాల సోయా పొలం అతని మేనత్త ఓపల్ టిండాల్‌ది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. డెబ్బై తొమ్మిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఈ సెప్టెంబరులో గింజ రాలిందంటే వచ్చే ఏడు ఆ పొలంలో సోయా ఉండదు, ఆ తర్వాత ఓపల్ అత్తకు పొలమే ఉండదు.

"ఒరే వెర్లిన్, ఈ పీడ చావదేంట్రా?"

"చావదత్తా. చచ్చేవన్నీ ఎప్పుడో చచ్చాయి. చావనివాటి పిల్లలివి."

"ఈమాత్రం దానికి నిన్ను కాలేజీలో చదివించాలా? మీ మావయ్య ముప్పై ఏళ్ళు మంచి కంకులే చూసి విత్తనానికి దాచాడు. ఇదీ అదే, తిరగేసి."

"గట్టిగా అనకత్తా!"

"నా పొలంలో నేను గట్టిగా అనుకోకూడదట్రా?"

మందు ఒకటే మిగిలింది, చేతులు. గింజ ముదరకముందే కౌంటీ అంతా ఒక్కసారిగా పొలాల్లో దిగి వేళ్ళతో సహా పీకాలి. ఆ సంగతి చెప్పాలంటే మొక్క ఎందుకు చావడం లేదో చెప్పాలి. చెప్పకూడదు కాబట్టి వెర్లిన్ రాత్రంతా బైబిలు తిరగేసి, బుధవారం చర్చి విందులో గిద్యోను కథ ఎత్తుకున్నాడు. ముప్పై రెండు వేలమంది సైనికుల్లో భయస్తుల్ని ముందు పంపించేశారు, తర్వాత నీళ్ళ దగ్గర పరీక్ష పెట్టారు, చివరికి మూడు వందలమంది గట్టివాళ్ళు మిగిలారు. "మన మందు ఆ నీళ్ళలాంటిదండీ. మనం కొట్టినప్పుడల్లా గట్టివే మిగులుతున్నాయి," అన్నాడు.

హాలంతా "ఆమెన్" అంది. జెల్లీ సలాడ్ తినేవాళ్ళు చెంచాలు కింద పెట్టారు. వెర్లిన్ గుండె ఉప్పొంగింది. సైన్సూ వాక్యమూ ఒకే బల్ల మీద భోంచేస్తున్నాయనిపించింది.

అప్పుడు పాస్టరు డ్వేన్ క్రబ్‌ట్రీగారు లేచారు.

"సంఘస్థులారా! ఈరోజు మన అధికారిగారి నోట ఒక మహా సత్యం బయటపడింది. మూడు వందలమందిని ఎంచి ఏర్పరచింది ఎవరు? దేవుడు! మరి మూడు మందులకూ లొంగని ఈ మొక్కను ఏర్పరచింది ఎవరు? మందుల కంపెనీయా? కాదు! ఇది కలుపు కాదు, ఏర్పరచబడిన సైన్యం! దీన్ని పీకడానికి మనమెంతవాళ్ళం?"

చప్పట్లు మోగిపోయాయి. పిగ్‌వీడును ముట్టుకున్నవారు దేవుని సైన్యముపై చేయి చేసుకున్నవారగుదురని అక్కడికక్కడే తీర్మానం రాశారు. కుడివైపు చేతులు లేచాయి. ఎడమవైపు చేతులు లేచాయి. మధ్యలో వెర్లిన్ చెయ్యి దానంతటదే లేచింది. తీర్మానం ఏకగ్రీవం.

అతను కారు తాళం తీస్తుంటే సంఘ పెద్ద మెర్ల్ గ్యాడిస్ పక్కకు లాగాడు. "చూడు బాబూ, ఆ మొక్క మారిందని నాకు తెలుసు. పందుల్ని పెంచినవాణ్ణి, ఆమాత్రం తెలీదా? మా ఆవిడతో మాత్రం అనకు, తట్టుకోలేదు." మెర్ల్ వెళ్ళిన రెండు నిమిషాలకు భార్య లోరీన్ వచ్చింది. "మారిందని చిన్నపిల్లక్కూడా తెలుసు వెర్లిన్. మెర్ల్‌తో అనకు నాయనా, పిచ్చిమారాజు." మర్నాడు పాస్టరుగారే ఆఫీసుకు వచ్చి తలుపు వేశారు. "సెమినరీకి ముందు నేను జంతుశాస్త్రం చదివానయ్యా, అందులో ఫస్టు క్లాసులో పాసయ్యాను. సంఘం బలహీనమైంది, వాళ్ళకి చెప్పలేం," అని కళ్ళు తుడుచుకున్నారు.

శుక్రవారానికి ముప్పై ఒక్కరు వచ్చి ఇదే చెప్పారు. ముప్పై ఒక్కరూ అడిగింది ఒకటే: ఎవరి కంటా పడకుండా పీకడమెలా? ప్రభుత్వ సలహా అందరికీ సమానంగా అందాలని నియమం ఉంది. వెర్లిన్ వాళ్ళకీ, శనివారం వరస కట్టిన మిగతావాళ్ళకీ ఒకే సలహా ఇచ్చాడు. "ఆదివారం పదకొండింటికి పీకండి. అందరూ ఆరాధనలో ఉంటారు, ఎవరూ చూడరు."

ఆదివారం కౌంటీలో ఇంటింటా జ్వరం వచ్చింది.

పదకొండుకు చర్చిలో ఓపల్ అత్త ఒక్కతే కూర్చుంది. పది నిమిషాలు చూసి, కర్ర ఊతంతో మెట్ల మీదికి వచ్చింది. కనుచూపు మేర సోయాలో టోపీలే టోపీలు. సరిగ్గా అప్పుడే నడుము నొప్పికి అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. మెర్ల్ లోరీన్‌ను చూశాడు. లోరీన్ మెర్ల్‌ను చూసింది. ఓపల్ అత్త పొలంలో, వెర్లిన్‌కు రెండు సాళ్ళవతల, టైతో సహా పాస్టరుగారు.

"జ్వరం తగ్గిందా మెర్ల్?" అన్నారు పాస్టరుగారు.

"తగ్గుతోందండీ. చెమట పడితే తగ్గుతుందన్నారు. తమరికో?"

"నాకూ అదే చెప్పారు."

"పాస్టరుగారూ, తుంచకండి!" మెట్ల మీంచి కేకేసింది ఓపల్ అత్త. "మళ్ళీ చిగురిస్తుంది. వేళ్ళతో లాగండి! అదీ, స్తోత్రం!" అని తనే కీర్తన ఎత్తుకుంది. చరణం చరణానికీ పదమూడు వేల ఎకరాల నుంచి వంత వచ్చింది. వెర్లిన్‌కు చేతులు బొబ్బలెక్కాయి, నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. అతని జీవితంలో అంత మంచి ఆదివారం లేదు.

ఆ బుధవారం సంఘ సమావేశపు మినిట్స్‌లో ఇలా నమోదైంది: "సంఘమంతయు ఆరాధనలో ఉండగా, దైవసైన్యము తన పని ముగించుకొని పొలముల నుండి స్వయముగా నిష్క్రమించినది." హాజరు పట్టీలో అందరూ ఉన్నారు. "నేనొక్కదాన్నేగా చర్చిలో ఉన్నది!" అని లేచిన ఓపల్ అత్తను, వయోభారం దృష్ట్యా, గైర్హాజరుగా రాసుకున్నారు. కింద ప్రభుత్వ ధ్రువీకరణకు చోటు వదిలారు. వెర్లిన్ అత్త వైపు చూడకుండా సంతకం చేశాడు. నిషిద్ధ పదం వాడకుండా విజ్ఞానాన్ని వ్యాప్తి చేసినందుకు అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఓపల్ అత్త పొలం నిలిచింది. మరుసటి ఆగస్టులో ఆవిడ వెర్లిన్‌ను సాలు మధ్యకు పిలిచి కర్రతో చూపించింది. సోయా మొక్కల నడుమ, వాటితో సరిసమానంగా, అదే పచ్చన, అదే ఎత్తున, గింజ పట్టిన పిగ్‌వీడ్.

"ఇదేంట్రా, ఈసారి ఇంత పొట్టిగా? దగ్గరికొస్తే గాని తెలియడం లేదు."

"తలెత్తి కనబడ్డవాటిని పీకేశాం కదత్తా. పక్కవాటితో సమానంగా తల వంచుకున్నవి మిగిలాయి. వాటి పిల్లలివి."

ఓపల్ అత్త మొక్కను చాలాసేపు చూసింది. తర్వాత వెర్లిన్‌ను చూసింది.

"మీ నాన్న ఆరడుగులుండేవాడురా," అంది.

వెర్లిన్ ఆఫీసుకు వెళ్ళి ఆ నెల నివేదికలో "మార్పు ఏమియు లేదు" అని రాశాడు. ఇంతవరకు చదివినవారు నవ్వదలిస్తే నవ్వుకోవచ్చు. అయితే ముందుగా పక్కనున్నవారు నవ్వుతున్నారో లేదో చూసుకోవలసిందిగా మనవి.