ఎడమ రెక్క సందుకు అనుమతి

రెండు ముక్కలు కలిసే చోట వెలుతురు కనపడకపోవడమే నాగరికత. ఒలొమోత్స్ ఊరి నమూనా విమానాల సంఘం నియమావళిలో ఇది మొదటి వాక్యం. చర్చ పూర్తయ్యేదాకా బీరు తేకూడదన్నది రెండోది. (మొదటిదాన్ని కచ్చితంగా పాటించడం కోసం రెండోదాన్ని వదులుకోవాల్సి వచ్చిందని సభ్యులు చెబుతారు.)

రాడ్కాకి సంఘంతో గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు. ఆమె కోరిక చిన్నది. వాళ్ల నాన్న ఓత్మార్ కుర్రతనంలో ‘వ్రానా’ అనే శిక్షణ విమానం మీద ఎగరడం నేర్చుకున్నాడు, ఆ తరవాత అదే విమానం మీద బోలెడంతమందికి నేర్పాడు. కూతురు ప్లాస్టిక్ ముక్కలు అతికిస్తూ కూర్చుంటే ఇన్నాళ్లూ “మళ్లీ బొమ్మలాటలా” అంటూ పక్క గదిలోకి వెళ్లిపోయేవాడు. ఈసారి మాత్రం డబ్బా మీద వ్రానా బొమ్మ చూసి ఆగాడు. “సంఘం ప్రదర్శనలో పెడతావా? అయితే వస్తాలే,” అన్నాడు. ఆయన వచ్చి, బల్ల ముందు నిలబడి, ‘ఇది నా విమానమే’ అనాలి. రాడ్కాకి కావలసింది అంతే.

దానికి ఎడమ రెక్క అడ్డం పడింది. కుడి రెక్క విమానం ఒంటికి బుద్ధిగా అతుక్కుంది. ఎడమది అతికించాక రెక్క మొదలు దగ్గర గోరు దూరేంత సందు మిగిలింది. లోకంలో మిగతాచోట్ల దీనికి కాస్త లప్పం పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దేస్తే సరి. ఒలొమోత్స్‌లో లప్పానికి అనుమతి కావాలి. అనుమతికి ముందు ఆ సందు ఎవరి తప్పో తేలాలి: కట్టినవాళ్లదా, కిట్ కంపెనీదా, లేక విమానానిదా. (విమానానిదని ఇంతవరకూ ఎప్పుడూ తేలలేదు. దరఖాస్తులో గడి మిగిలిపోయిందని పెట్టారు.)

సంఘం అధ్యక్షుడు హోలుబెక్ గారు బీరుశాల వెనక గదిలో విచారణ మొదలుపెట్టారు. అధికారిక కొలత పరికరం, గ్లాసు కింద పెట్టే అట్టముక్క. అందులోనూ తడవని అట్టే చెల్లుతుంది. అలాంటిది దొరకడానికి కొంత సమయం పట్టింది.

“అట్ట దూరింది, ఇంజనీరు గారూ,” అన్నారాయన. (చదివిన పట్టాతో పిలవకపోతే ఆ ఊళ్లో పలకరించినట్టు కాదు.) “మూడో తరగతి సందు.”

“కొంచెం లప్పం పెడితే పోతుందండీ.”

“పోతుంది. పోయాక విచారణ దేనిమీద చెయ్యమంటారు?”

“విచారణ లేకపోతే ఏమవుతుంది, అధ్యక్షా?”

“ఇవాళ రెక్క రుద్దుతారు. రేపు ఎవరో తోక రుద్దుతారు. ఎల్లుండి మనకి విమానాలుండవు, సబ్బుబిళ్లలుంటాయి.”

కిట్ కంపెనీకి రాస్తే జవాబు మర్యాదగా వచ్చింది. ముక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయనీ, అయితే ఆ హామీ అవి విడివిడిగా ఉన్నంతవరకే వర్తిస్తుందనీ తెలియజేశారు. రాడ్కా చేతిపని చూసి హోలుబెక్ గారే వంక పెట్టలేకపోయారు. ఇక మిగిలింది విమానం. అందుకని సంఘం ఊరి బయట మ్యూజియం షెడ్డుకి బయల్దేరింది. అక్కడొక అసలు వ్రానా ఉంది. చూసి చాలా కాలమైందంటూ ఓత్మార్ కూడా వెంట వచ్చాడు.

హోలుబెక్ గారు కోటు విప్పి, రెక్క కింద వెల్లకిలా పడుకుని, ఎడమ రెక్క మొదలు దగ్గర అట్ట పెట్టారు. అట్ట మొత్తం లోపలికి పోయింది. తిరిగి రాలేదు.

“ఇదేంటిది?” అని కింద నుంచి గొంతు.

ఓత్మార్ నవ్వాడు. “అదా? ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చేవి, అన్నీ. గాల్లో ఈల వేసేది. ఈల సన్నబడిందంటే వేగం పడిపోతోందని అర్థం. ఇక మీటరు చూసే పనే లేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లంతా చెవులతోనే నడిపారు.”

“నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?”

“నువ్వెప్పుడైనా అడిగావా? నువ్వు రంగుల డబ్బాల గురించి తప్ప మాట్లాడవుగా.”

రాడ్కా మనసు తేలికపడింది. “అయితే లప్పం అక్కర్లేదండీ. కిట్టు కరెక్టే. సందు ఉండాల్సిందే.”

హోలుబెక్ గారు దుమ్ము దులుపుకుంటూ లేచారు. “కెప్టెన్ గారూ, దీన్ని తనిఖీ అధికారులు ఒప్పుకునేవారా?”

“ఎక్కడ ఒప్పుకుంటారు? వాళ్లొచ్చే రోజు పొద్దున్నే భోజనశాల నుంచి ఉడికించిన క్నెడ్లీకు పిండిముద్ద తెచ్చి, అందులో కూరి, పైన రంగు పూసేవాళ్లం. ముందురోజు మిగిలిన ముద్దయితే బాగా పట్టేది. వాళ్లు వెళ్లగానే పీకేసేవాళ్లం. ఓసారి మర్చిపోతే పిచ్చుకలు పీక్కుతిన్నాయి.”

అందరూ నవ్వారు. హోలుబెక్ గారు నవ్వలేదు. ఆయనకి కావలసింది దొరికింది.

తీర్పు ఆ వారమే వచ్చింది. సదరు విమానం తనిఖీకి హాజరైన ప్రతిసారీ సందు లేకుండానే ఉన్నట్టు ప్రత్యక్ష సాక్షి చెప్పినందున, దానికి అధికారికంగా సందు లేదు. కంటికి కనబడుతున్నది అనధికారిక సందు. కావున లప్పం పెట్టడానికి అనుమతించడమైనది.

“ఇది అనుమతా, ఆజ్ఞా?” అని అడిగింది రాడ్కా.

“అనుమతేనండీ. వాడుకోకపోతే బల్ల మీద చోటుండదు, అంతే.”

బల్ల మీద విమానం లేకపోతే నాన్న ఏం చూడ్డానికి వస్తాడు? రాడ్కా లప్పం పెట్టింది. రుద్దింది, మళ్లీ పెట్టింది, మళ్లీ రుద్దింది. పని మహా బాగా వచ్చింది. (అదే ఆమెకున్న జబ్బు. ఇష్టం లేని పని కూడా చెడగొట్టడం చేతకాదు.)

ప్రదర్శన రోజు ఓత్మార్ టై కట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర ఆగి, కళ్లజోడు పెట్టుకుని, తిన్నగా ఎడమ రెక్క మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“చాలా నున్నగా చేశారు,” అన్నాడు. “ఎవరిదమ్మా ఇది?”

“నేను చేసిందే నాన్నా.”

“అలాగా. బాగుంది, బాగుంది.” కళ్లజోడు తీయకుండానే పక్క బల్ల వైపు నడిచాడు. “మరి నాదెక్కడ పెట్టావు?”

సాయంత్రం రాడ్కాకి మొదటి బహుమతి ఇచ్చారు. అసలు విమానానికి అతి దగ్గరగా ఉన్నందుకు.