గోడ మీది మేనత్తగారు

బ్రాడీపేటలో, మిరపకాయల వ్యాపారి శివరామకృష్ణగారి కొత్త ఇంట్లో, ఆ వంశంలో ఎన్నడూ పుట్టని ఒక మేనత్తగారి ప్రథమ వర్ధంతి ఘనంగా జరిగింది.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా భార్య జ్యోతిర్మయిది. వంటగది గట్టుతో సహా ఇంట్లో అన్నీ మగవాళ్ళే ఎంపిక చేశాక, ఒక్క బొమ్మ మాత్రం ఆమె తెచ్చుకుంది. వందేళ్ళ కిందట ఫ్రాన్సులో ఎవరో వేసిన చిత్రానికి నకలు. పువ్వుల గోడలు, కిటికీ, బల్ల మీద కప్పు, కుర్చీలో గౌనుతో ఊరికే కూర్చున్న, మొహం మసకగా ఉన్న ఒక ఆడమనిషి. ఆవిడని ఎవరూ పిలవడం లేదు. అది చూసే జ్యోతిర్మయి మనసు పారేసుకుంది. పనయ్యాక తనూ అలా కూర్చుందామని బొమ్మ కిందే ఒక కుర్చీ వేయించుకుంది. పని మాత్రం అవలేదు.

గృహప్రవేశం నాడు మిర్చి వర్తకుల సంఘం అధ్యక్షులు పేరయ్యగారు బొమ్మకి దణ్ణం పెట్టి, "పాపం, ఎప్పుడు పోయారండీ పెద్దావిడ?" అన్నారు. హాల్లో ఒంటరి ఆడమనిషికి ఫ్రేము కట్టించారంటే పోయినట్టే కదా! అధ్యక్షుల వారిని తప్పుపట్టడం శివరామకృష్ణగారి సంస్కారం కాదు.

"మొన్నీమధ్యేనండీ. మా మేనత్త."

"మొహం సరిగ్గా పడలేదేంటండీ?"

"అప్పటి కెమెరాలు అంతేగదండీ."

"మరి ఆ గౌనూ?"

"నర్సుగా చేసిందండీ."

"అయ్యో, అది బొమ్మండీ!" అంది జ్యోతిర్మయి.

"నువ్వూరుకో. ఇప్పుడు కాదంటే ఆయన పరువేం కాను?" అని భర్త గొంతు తగ్గించి కసిరాడు.

సాయంత్రానికి బొమ్మ అద్దం మీద బొట్టు, ఫ్రేముకి దండ, కింది కుర్చీలో దీపం వెలిశాయి. పెద్దావిడ కుర్చీలో ఎవరూ కూర్చోరాదని అత్తగారు ఉత్తర్వులిచ్చారు.

ఏడాది తిరిగాక వర్ధంతికి బంధుమిత్రులు తరలివచ్చారు. జ్యోతిర్మయి తెల్లవారుజాము నుంచి గారెలు వేసింది. మేనత్తగారి చేతి గోంగూర పచ్చడి తలుచుకుని ఒక ముసలావిడ నిజంగానే ఏడ్చింది. పేరయ్యగారు మైకు అందుకున్నారు. "ఆ తల్లిని చూడండి! ఏనాడైనా నోరెత్తిందా? గడప దాటిందా? ఆ శాంతం చూసి నేటి ఆడపిల్లలు నేర్చుకోవాలి!" అందరూ చప్పట్లు కొట్టారు. వంటగదిలోంచి జ్యోతిర్మయి కూడా వింది.

అంతా వెళ్ళాక జ్యోతిర్మయి చేతులు కడుక్కుని, దీపం తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుంది. ఎంత హాయిగా ఉందో!

"లే, లే! ఏమైంది? ఒంట్లో బాగాలేదా?" అని భర్త పరుగెత్తుకొచ్చాడు.

"బానే ఉందండీ. ఊరికే కూర్చున్నా."

ఆ ఇంట్లో అటువంటి మాట ఎవరూ విని ఉండలేదు. అత్తగారు థర్మామీటరు తెచ్చారు. భర్త డాక్టరుకి ఫోన్ చేశాడు. జ్యోతిర్మయి లేవలేదు.

మర్నాడు పేరయ్యగారు యాపిల్ పళ్ళతో పరామర్శకి వచ్చారు. కుర్చీలో ఉన్న ఆమెను జాలిగా చూశారు. తర్వాత బొమ్మ పక్కన ఖాళీ గోడని జానతో కొలిచి, "ఇంకో ఫ్రేముకి చోటుందిలెండి, వెలుతురు కూడా బాగా పడుతుంది" అని భర్తకి ధైర్యం చెప్పారు.

ఆ రోజు వస్తే మీరూ తప్పక భోజనానికి రండి. జ్యోతిర్మయి ఓర్పు గురించి నాలుగు మంచి మాటలు ఇప్పటినుంచే అనుకుని ఉంచండి.