పేరున్న గిటారు

చవక వస్తువు కొనేవాణ్ణి జైల్లో పెట్టాలి! పాఠక మహాశయులు కోపగించుకోకుండా ముందు వినాలని నా మనవి. చవక వస్తువు కొన్నవాడు ఏం చేస్తాడు? ఇంటికి తెచ్చిన మరుక్షణం దాన్ని వాడటం మొదలుపెడతాడు. అరగదీస్తాడు, విరగ్గొడతాడు, దారంతో కట్టి మళ్ళీ వాడతాడు. ఇందులో వస్తువుకు మర్యాద ఏముంది? కొన్నవాడికి గౌరవం ఏముంది?

అదే ఖరీదైన వస్తువు చూడండి! దాన్ని ఎవరూ ముట్టుకోరు. మా వీధిలో ఒక పెద్దమనిషి సీమ గడియారం కొన్నాడు. తాళం తిప్పితే అరుగుతుందని తిప్పడు. టైము కావలసివస్తే పక్కింటివాళ్ళను అడుగుతాడు. ఇంకొకాయన పెద్ద రేడియో కొని, దానికి ముఖమల్ గుడ్డ కప్పి, వార్తలు వినడానికి హోటలుకు పోతాడు. మూడో ఆయన దగ్గర బంగారు పాళీ కలం ఉంది. అది పాడవుతుందని ఆయన వేలిముద్ర వేయడం నేర్చుకున్నాడు!

వాడుకునే వస్తువులు బీదవాడి ఇంట్లోనూ ఉంటాయి. వాడని వస్తువు ఉంటేనే కదా, అది పెద్దిల్లు అనిపించుకునేది!

ఈ సత్యాన్ని మహబూబ్‌నగర్‌లో అందరికన్నా బాగా గ్రహించినవాడు ఇస్రాయేలు. ఒక సర్కారు కచేరీలో గుమాస్తా. మనిషి మంచివాడే. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, మాటలో అదుపు. అతని తండ్రి దుర్గయ్య మాత్రం పల్లెలో డప్పు కొట్టినవాడు. పెళ్ళయినా చావయినా ముందు నడవాల్సింది డప్పే. ఇంటిముందుకు వచ్చేసరికి డప్పు కొట్టేవాడు వాకిలి బయట ఆగిపోవాలి. తండ్రి పక్కన నిలబడి, లోపల అందరూ తినడం అయ్యేదాకా ఎదురుచూసిన రోజులు ఇస్రాయేలు మరిచిపోలేదు. అలాంటివి మరిచిపోమంటే ఎవడు మరిచిపోతాడు లెండి!

అతని కూతురు జానమ్మకు పందొమ్మిదేళ్ళు. దవాఖానలో పనిచేసి వెళ్ళిపోయిన ఒక దొరసాని వదిలేసిన కట్టె గిటారు మీద ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఒకసారి విన్న పాట ఆ పిల్ల వేళ్ళలోంచి పోదు. అరవై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒక కబురు వచ్చింది. పట్నంలో ఒక ఆడపిల్లల బడికి పాటల టీచరు కావాలి. ఆ బడి పెద్ద టీచరమ్మ మా ఊళ్ళో జరిగే క్రిస్మస్ కూటానికి వచ్చి, అక్కడ వాయించేవాళ్ళను విని, ఒకరిని తీసుకుంటుంది.

జీతం సంగతి అలా ఉంచండి. ఇస్రాయేలు తల్లిని లోకమంతా "ఏయ్" అని పిలిచింది. భార్య సుగుణమ్మను "ఇగో, నిన్నే" అని పిలిచింది. ఆ ఇంట్లో ఒక ఆడదాన్ని "టీచరమ్మా" అని పిలుస్తారంటే అతనికి నిద్ర పడుతుందా?

"కట్టె గిటారు వట్టుకపోతె పరువుండదు. కరెంటు గిటారు కావాలె," అని తీర్మానించాడు.

కూతుర్ని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ వెళ్ళాడు. దుకాణంలో అద్దాల బీరువాలో రెండు కరెంటు గిటార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కలకత్తాలో తయారైన నవజ్యోతి. రంగు కొంచెం వెలిసింది, ధర మాత్రం గుమాస్తాలకు అందేదే. రెండోది సీమ నుంచి ఓడలో వచ్చిన హాల్‌బర్గ్. నెత్తి మీద బంగారు అక్షరాలు. ధర విన్నాక ఇస్రాయేలు ముందు కూర్చుని, తర్వాత మంచినీళ్ళు అడిగాడు.

జానమ్మ రెండూ వాయించి చూసింది. "బాపూ, నవజ్యోతి నా చేతికి వట్టింది. మెడ సన్నగున్నది, వేళ్ళకు అందుతది. గీ రెండోది బండబరువున్నది," అంది.

"నీ చేతికి వడితె ఏమాయె బిడ్డా? చూసేటోళ్ళ కండ్లకు వడాలె గద!"

ఆ రోజు ఏదీ కొనలేదు. ఆరు నెలలు కొనలేదు! ఎంచుకోలేకపోవడం ఎంత అదృష్టమో కొనేసినవాడికి ఏం తెలుస్తుంది? కొన్నవాడి దగ్గర ఒక్క గిటారే ఉంటుంది. ఎంచుకుంటున్నవాడి దగ్గర రెండూ ఉంటాయి! ఇస్రాయేలు కచేరీలో ఫైళ్ళు పక్కనపెట్టి తీగల మందం గురించి మాట్లాడసాగాడు. రెండు గిటార్ల ధరలు, బరువులు, తీగలు బిగించే మరల సంఖ్య అన్నీ నోటికి వచ్చేశాయి. జన్మలో గిటారును చూడని తహసీల్దారు కూడా అతన్ని పిలిచి కూర్చోబెట్టి, "ఏమయ్యా, చివరికి ఏది తేల్చావు?" అని అడిగాడు. కచేరీలో అతనికి కుర్చీ వేయడం అదే మొదటిసారి. చెప్పండి, ఇది వరం కాదా?

చివరికి తీర్పు చెప్పింది సైదులు. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ సభలకూ మైకు సెట్టు కిరాయికి ఇచ్చేది అతనే కాబట్టి శబ్దశాస్త్రంలో అతని మాటకు తిరుగులేదు.

"అన్నా, నవజ్యోతి మంచిగనే పలుకుతది. కాని దాని పేరు ఎవలకు దెల్సు? హాల్‌బర్గ్ అంటవా, అది పలుకకున్నా దాని పేరు పలుకుతది!"

ఇంకేం! హాల్‌బర్గ్ ఇంటికి వచ్చింది. ఇంట్లోంచి సైకిలూ నాలుగు మేకలూ వెళ్ళిపోయాయి.

"మేకలు పాలిచ్చినయి. గిదేమిస్తది?" అని సుగుణమ్మ అడిగింది.

"ఇజ్జతిస్తదే!"

"అయితె పొద్దుగాల చాయల పోసుకో."

ఆడవాళ్ళకు ఇలాంటి సూక్ష్మాలు ఎక్కడ తెలుస్తాయి? ఇస్రాయేలు ఆ గిటారుకు దుప్పటి కప్పి సందూకు మీద పడుకోబెట్టాడు. చుట్టాలు వచ్చి చూశారు. చుట్టాల చుట్టాలు వచ్చి చూశారు. ఒకే ఇంట్లో రెండు గిటార్లుంటే కొత్తదానికి చిన్నతనమని కట్టె గిటారును పల్లెకు పంపించేశాడు. జానమ్మకు ఆదివారం ఒక్క గంట మాత్రం, అదీ సబ్బుతో చేతులు కడుక్కున్నాక, కొత్తది ముట్టుకునే అనుమతి దొరికింది. అప్పుడు కూడా తండ్రి పక్కనే కూర్చుని, "మెల్లగ బిడ్డా, మెల్లగ! అరుగుతది!" అంటుండేవాడు.

ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. ఆ ఇంటికి కరెంటు లేదు! వీధిలో స్తంభం పాతి రెండేళ్ళయింది, తీగ ఇంకా దారిలోనే ఉంది. కరెంటు లేని ఇంట్లో కరెంటు గిటారు చీమ నడిచినంత చప్పుడు చేస్తుంది. పక్కింటివాళ్ళకు నిద్ర చెడదు. ఇంత మర్యాదగల వాద్యం లోకంలో ఇంకెక్కడుంది?

మిగతా ఆరు రోజులూ జానమ్మ పీట మీద సుద్దముక్కతో ఆరు గీతలు గీసుకుని వాటి మీద వేళ్ళు ఆడించేది. పాట ఆమె లోపల వినబడుతూ ఉండేది. అది చూసినప్పుడల్లా ఇస్రాయేలుకు గుండె కలుక్కుమనేది, నిజమే. కానీ గిటారు వైపు చూస్తే మళ్ళీ కుదుటపడేది.

క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం కూటం. పల్లె నుంచి దుర్గయ్య కూడా డప్పు చంకన పెట్టుకుని వచ్చాడు. మనుమరాలికి ఇవాళ పరీక్ష అని ఆయనకు తెలుసు. తనవంతు సాయం చేయాలి కదా! అరవై ఏళ్ళుగా ఆయనకు తెలిసిన సంగీత శాస్త్రం ఒక్కటే. వాయించే ముందు డప్పును గడ్డిమంటకు చూపాలి. కాక తగిలితే తోలు బిగుస్తుంది, అప్పుడే ఖంగుమంటుంది. కాక చూపకుండా వాయించినవాడు ఆయన లెక్కలో వాయిద్యగాడే కాదు.

ఇస్రాయేలు కోటు గుండీలు పెట్టుకుంటూ పందిరి వెనక్కి వచ్చేసరికి, ముసలాయన గడ్డిమంట ముందు కూర్చుని హాల్‌బర్గ్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఎంతో ప్రేమగా కాస్తున్నాడు.

"నాయినా! ఏం జేస్తున్నవ్!"

"ఏం లేదు కొడుకా. సలికి సల్లవడ్డది. జర కాక జూపిన. ఇగ జూడు, ఊరంత మోగుతది!"

వీపున వార్నీషు పొంగి బొబ్బలెక్కింది. ఒక మర మెత్తబడి వంగిపోయింది. సన్నతీగ అప్పటికే తెగింది. ఇస్రాయేలు గిటారును లాక్కుని మొట్టమొదట ఏం చూశాడు? నెత్తి మీద బంగారు అక్షరాలు! అవి చెక్కుచెదరలేదు. "దేవునికి స్తోత్రం," అన్నాడు.

దుర్గయ్య మొహం చిన్నబోయింది. జానమ్మ మాత్రం తాతను ఒక్క మాట కూడా అనలేదు. "పోనీ తాతా, అయిదు తీగలున్నయి గద," అంటూ కూర్చుని, చెవి ఆనించి ఒక్కో తీగనూ బుజ్జగించి దారికి తెచ్చింది. ఆరు తీగల పాటను అయిదు తీగలకు అప్పటికప్పుడు సర్దుకుంది.

ఇంతలో ఇస్రాయేలు తనే స్వయంగా రాసిన చీటీని సైదులు చేతికిచ్చాడు. సైదులు మైకు ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"ఇప్పుడు మీరు వినబోయేది హాల్‌బర్గ్! సీమల తయారైన హాల్‌బర్గ్! ఓడల వచ్చిన అసలు సిసలు హాల్‌బర్గ్ కరెంటు గిటారు!"

చీటీలో అంతే ఉంది.

జానమ్మ వాయించింది. బ్యాటరీ మీద నడిచే మైకు సెట్టులోంచి ఆ పాట పందిరి దాటి, గోడ దాటి, బస్టాండు దాకా పోయింది. పిల్లలు ఏడుపు ఆపేశారు. లేని తీగ ఉండాల్సిన చోట ఆమె పాటను కొంచెం ఆపి వాయిస్తుంటే, ఆ ఆగడం కూడా పాటలాగే వినిపించింది. దుర్గయ్య కళ్ళు తుడుచుకుంటూ, "కాక తగిలింది గద!" అన్నాడు. పోనివ్వండి, ఆ ఒక్క తృప్తి ఆయనకు ఉండనివ్వండి.

కూటం అయ్యాక పెద్ద టీచరమ్మ తనే నడిచి వచ్చింది. ఇస్రాయేలు కోటు సర్దుకుని ఎదురెళ్ళాడు.

"ఎంత బాగా పలికిందండీ మీ గిటారు! మంచి కంపెనీ అంటే మంచి కంపెనీయే. దీనికి మా బడిలో చోటుంది. బడి తెరిచే రోజున పంపించండి."

"సంతోషం తల్లీ, సంతోషం!" అన్నాడు ఇస్రాయేలు రెండు చేతులూ జోడించి. గిటారు పోతే వాయించే పిల్ల పోకుండా ఉంటుందా? ఆ రాత్రి సుగుణమ్మ చేత బెల్లం పరమాన్నం వండించాడు. వీధి వీధంతా తిరిగి, "మా బిడ్డ టీచరమ్మ అయింది," అని చెప్పుకున్నాడు.

బడి తెరిచిన రోజు జానమ్మ కొత్త చీర కట్టుకుని, గిటారు భుజాన వేసుకుని వెళ్ళింది. పొద్దుగూకేసరికి ఒట్టి చేతులతో, ఒక కాగితంతో తిరిగి వచ్చింది. కాగితం ఎంతో మర్యాదగా ఉంది. అంత గొప్ప వాద్యాన్ని విరాళంగా ఇచ్చినందుకు బడి కృతజ్ఞతలు తెలిపింది. పాటల టీచరుగా ఒక వకీలుగారి కుమార్తెను తీసుకున్నారట. ఆమెకు ఇంకా వాయించడం రాదు. అయినా ఫికరు లేదు, అంత మంచి గిటారు ఉండగా రాకపోవడం అంటూ ఉంటుందా!

చూశారా, ఖరీదైన వస్తువు మహిమ? నౌకరీ గిటారుకు దొరికింది! బడిలో చోటు కూడా గిటారుకే! అదే ఆ రోజు చేతిలో నవజ్యోతి ఉంటే ఏమయ్యేది? ఆ వెలిసిన చెక్కలోంచి అంత పాట ఎలా వచ్చిందా అని పాపం పెద్ద టీచరమ్మ చుట్టూ వెతకాల్సి వచ్చేది. వెతికితే పిల్ల కనబడేది. పెద్దవాళ్ళకు అంత శ్రమ ఇవ్వడం న్యాయమా?

జానమ్మ ఏడవలేదు. కొత్త చీర మడిచి సందూకులో పెట్టి, తండ్రి పక్కన వచ్చి కూర్చుంది.

"బాపూ, చీటీల గిటారు పేరు మూడుమాట్ల రాస్తివి. నా పేరు ఒక్కపారి రాస్తె ఎంత ఖర్చయితుండె?"

గిటార్ల ధరలన్నీ నోటికి వచ్చిన ఇస్రాయేలు ఆ ఒక్క ధర మాత్రం ఏ దుకాణంలోనూ అడగలేదు.