నాలుగో భవంతి కనబడుట లేదు

ఉదయం తొమ్మిదిన్నరకి భవంతి లేదని తేలింది. పదకొండింటికి మంత్రిగారు వస్తున్నారు.

"తప్పిపోవడానికి అదేమన్నా మేకపిల్లా? భవంతమ్మా, భవంతి!" అని డైరెక్టరుగారు అరిచారు.

ఆయన చేతిలో ఆ రోజు పేపరుంది. అందులో అరపేజీ ప్రకటన. "మన నేచర్ పార్కులో ప్రభువుల నాటి భవంతులు ఐదు! ఐదింటినీ ఒకే పూటలో దర్శించే మహత్తర యాత్రకు నేడే గౌరవ మంత్రివర్యుల అమృతహస్తాలతో శ్రీకారం!" మంత్రిగారి బొమ్మ తలుపంత వేశారు. భవంతుల బొమ్మలు అగ్గిపెట్టె మీది బొమ్మలంత వేశారు. అందుకే ఒకటి తక్కువైందని ఎవరికీ అనుమానం రాలేదు.

బోర్డులు కొట్టే మనిషి వల్ల బయటపడింది. అయిదు భవంతులకీ అయిదు బోర్డులు పట్టుకుని పొద్దున్నే వెళ్ళినవాడు 'నాలుగో భవంతి' అన్న బోర్డుని చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు, కొట్టడానికి గోడ లేదని.

"తప్పిపోలేదు సార్," అంది గైడమ్మ. "మొదట్నించీ ఉన్నవి నాలుగే. పదకొండేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాను."

"నువ్వు టెంపరరీ. నీ లెక్కా టెంపరరీయే. రికార్డులో ఐదున్నాయి. రికార్డు పర్మనెంటు."

గైడమ్మది నిజంగానే టెంపరరీ. ఆర్నెల్లకోసారి ఒక కాగితం ఇస్తే ఉద్యోగం, ఇవ్వకపోతే లేదు. అలా పదకొండేళ్ళు. ఈ రోజు సభ చివర్న మంత్రిగారు స్వయంగా ఆమెకి పర్మనెంటు ఆర్డరు అందించబోతున్నారు. ఆ ఆర్డరు పి.ఏ.గారి తోలుసంచిలో ఉంది. అత్తగారు అప్పుడే వీధంతా చెప్పేసింది కూడా.

ఇంతకీ నాలుగు భవంతులు ఐదెలా అయ్యాయంటే, ఆ శాఖలో ఒక గొప్ప సంప్రదాయం ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి కారు దిగడు. దిగితే పచ్చిక నలుగుతుంది. ప్రకృతి మీద వారికంత ప్రేమ. పార్కు రోడ్డు గుట్ట చుట్టూ తిరుగుతుంది. కింది మలుపులో రెండో భవంతి మొహం కనిపిస్తుంది. మూడోది దాటి పై మలుపుకి వెళితే అదే భవంతి వీపు కనిపిస్తుంది. మొదటి అధికారి కారులోంచి లెక్కపెట్టి ఐదని రాశాడు. తరవాత వచ్చినవాళ్ళు పెద్దల మాట కాదనని మర్యాదస్తులు. ఏటా నాలుగో భవంతికి పైకప్పు బాగుందనీ, గబ్బిలాలు అదుపులో ఉన్నాయనీ రాస్తూ వచ్చారు. పోయినేడు ఐదింటిలోకీ ఉత్తమ నిర్వహణ అవార్డు కూడా దానికే వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు డైరెక్టరుగారు, ఆకాశం వైపు చూసి.

జవాబు ఆకాశంలోంచి రాలేదు. టూరు బస్సు డ్రైవరు నోట్లోంచి వచ్చింది. అతను గైడమ్మకి మరిది. "వదినా, ఎద్దు ఒకటే. ముందు నించి చూస్తే కొమ్ములు, వెనక నించి చూస్తే తోక. చూసేవాడు రెండెద్దులనుకుంటే మనదేం పోయింది?"

డైరెక్టరుగారు అతన్ని కౌగిలించుకోబోయి, గ్రీజు చూసి ఆగారు. "సెక్రటేరియట్‌లో ఉండాల్సిన బుర్రయ్యా నీది! ఆ బోర్డు తీసుకెళ్ళి రెండో భవంతి వీపుకి కొట్టండి."

"మరి చరిత్ర సార్?" అంది గైడమ్మ. "రెండోదానికైతే ఉంది. నాలుగోదానికి లేదే!"

"పదకొండేళ్ళ సర్వీసు పెట్టుకుని ఒక్క చరిత్ర పుట్టించలేవా? ఆర్డరు కావాలా, వద్దా?"

చరిత్ర పుట్టింది.

మంత్రిగారు సమయానికే, అంటే పన్నెండున్నరకి వచ్చారు. బస్సులో ముందు సీటు ఆయనది. వెనక డైరెక్టరు, పి.ఏ., ఆరుగురు విలేకరులు. మొదటి భవంతిని మంత్రిగారు ఫోన్లో మాట్లాడుతూ చూశారు. రెండోదాని దగ్గర ఫోను పెట్టేశారు.

"ఇదేమిటమ్మా, పళ్ళూడిన ముసలాడిలా ఉంది?"

నిజమే. ముందు స్తంభాలు ఆరిట్లో రెండే మిగిలాయి.

"తమ్ముడు ప్రభువు కట్టించిందండీ," అంది గైడమ్మ.

"కట్టించాడా, కట్టించినట్టు బిల్లు పెట్టాడా?"

విలేకరులు నవ్వారు. మంత్రిగారి హాస్యచతురత గురించి ఒకాయన నోటు రాసుకున్నాడు.

మూడో భవంతి దగ్గర మంత్రిగారికి కునుకు పట్టింది. పై మలుపు తిరిగేసరికి మెలకువొచ్చింది. ఎదురుగా పచ్చని తీగలు పైకప్పు దాకా అల్లుకున్న గోడ. గుత్తులు గుత్తులుగా పూలు. వంటింటి తలుపు పక్కన కొత్త బోర్డు.

"ఆహా! భవంతంటే ఇదీ! ఎవరమ్మా కట్టించింది?"

"అన్నగారండీ. అన్నదమ్ములకి పడేది కాదు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇలా వీపులు తిప్పి కట్టుకున్నారు."

"అన్నంటే అలా ఉండాలి!" అన్నారు, ముగ్గురు తమ్ముళ్ళని కోర్టుకి లాగిన మంత్రిగారు. కిటికీలోంచే చెయ్యి చాచి ఆ భవంతిని జాతి సంపదగా ప్రకటించారు. అంతటితో ఆగితే ఆయన మంత్రి ఎందుకవుతారు? "దీని పక్కన ఆ తమ్ముడిగాడి కొంప ఏమిటి, దిష్టిబొమ్మలాగా? కూల్చెయ్యండి. ఆ రాళ్ళతో దీనికి ప్రహరీగోడ కట్టండి. ఇవాళే. విలేకరులు కూడా ఉన్నారు."

సభాస్థలం చదును చేసిన బుల్డోజరు గేటు దగ్గరే ఉంది. పి.ఏ.గారు ఫోను చేశారు. అది బయల్దేరింది.

గైడమ్మ డైరెక్టరుగారి చెవిలో, "సార్, చెప్పేద్దామా?" అంది.

"చెబితే నీ ఆర్డరు?"

"చెప్పకపోతే భవంతి?"

"ఒకటి పోయినా ఇంకా నాలుగుంటాయి కదమ్మా!"

గైడమ్మ మనసులో ఒకటి తీసేసి చూసుకుంది. మూడే మిగిలాయి. తోలుసంచి వైపు చూసింది. నోరు మూసుకుంది.

సభ ఐదో భవంతి వరండాలో. అక్కణ్ణించి లోయకి అవతల తీగలు అల్లుకున్న నాలుగో భవంతి చక్కగా కనిపిస్తుంది. పూర్వీకుల సంపదని కంటికి రెప్పలా ఎలా కాపాడుకోవాలో మంత్రిగారు చెబుతుండగా అవతల దబ్బుమని చప్పుడైంది. తీగలు ఊగాయి. మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు.

"రెండోదాన్ని కొడుతుంటే నాలుగోది వణుకుతుందేమిటయ్యా?"

"అన్నగారిది కదండీ!" అన్నారు డైరెక్టరుగారు. "ఎంత పడకపోయినా తోడబుట్టినవాడు. తమ్ముడికి దెబ్బ తగిలితే ఓర్చుకోలేకపోతోంది."

మంత్రిగారు జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. విలేకరులు ఫొటోలు తీశారు. అదే ఫొటోలో వెనకాల జాతి సంపద పైకప్పుతో సహా కుప్పకూలడం కూడా పడింది.

దుమ్ము తగ్గాక ఒక విలేకరి లేచాడు. "గంట క్రితం తమరు ప్రకటించిన జాతి సంపద పడిపోయింది సార్. బాధ్యులెవరు?"

"దోషి ఎంతటివాడైనా వదలను," అన్నారు మంత్రిగారు. "పది నిమిషాల్లో పేరు చెబుతాను."

ఐదో భవంతి లోపలి గదిలో విచారణ మొదలైంది. మంచినీళ్ళ గ్లాసులతో గైడమ్మ గుమ్మంలో నిలబడింది.

"బుల్డోజరు ఎవరిది?"

"మీ బావమరిదిగారిదే సార్," అన్నారు పి.ఏ.గారు.

"యంత్రం దానికేం తెలుసు పాపం! డైరెక్టరేడీ?"

"నేను పొద్దున్నించీ సెలవులో ఉన్నాను సార్," అన్నారు డైరెక్టరుగారు, సెలవు చీటీ రాస్తూ.

"అయితే ఆదేశం ఇచ్చిందెవరు?"

అందరూ ఆయన వైపే చూశారు. మంత్రిగారికే గుర్తొచ్చి దగ్గారు. అందరి చూపులూ తిరిగి తిరిగి మంచినీళ్ళ గ్లాసుల మీద వాలాయి.

పి.ఏ.గారు లేచి తోలుసంచి విప్పారు. "అమ్మా, ఇదుగో మీ ఆర్డరు."

'మీ' అన్న మాటకి గైడమ్మ గ్లాసులు కింద పెట్టి ముందుకొచ్చింది. "సభ చివర్న అన్నారు కద సార్?"

"అప్పటిదాకా ఆగితే కుదరదమ్మా. టెంపరరీ వాళ్ళ మీద చర్య తీసుకోవడానికి రూల్సులో చోటు లేదు."

"ఎవరి మీద సార్ చర్య?"

"ఇక్కడ సంతకం పెట్టండి. తేదీ వద్దు, ఉదయం తొమ్మిది నించి అమలు అని మేమే రాశాం."

ఆమె పెట్టింది. కాగితం మీద 'శాశ్వత' అన్న మాట మిలమిల మెరిసింది. కళ్ళలో నీళ్ళవల్ల మెరిసిందేమో కూడా. వరండాలోకి తీసుకొచ్చి మంత్రిగారు ఆమె మెడలో పూలదండ వేశారు. డైరెక్టరుగారు పదకొండేళ్ళలో మొదటిసారి "రండి గైడుగారూ, ఫొటోకి ఇలా నిలబడండి" అన్నారు. బస్సు మీదికెక్కి మరిది "మా వదిన పర్మనెంటు!" అని ఈల వేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగనిచ్చి మంత్రిగారు మైకు అందుకున్నారు. "పది నిమిషాలన్నాను. ఎనిమిది నిమిషాల్లో పట్టుకున్నాం. జాతి సంపదని నేలమట్టం చేసిన దోషి పరారీలో లేదు. ఇక్కడే, మన మధ్యనే ఉంది."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. దండ సర్దుకుంటూ గైడమ్మ కూడా చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

మంత్రిగారు మైకుని నోటికి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

"ఆ దోషి మరెవరో కాదు, ఈ పార్కు శాశ్వత గైడు!"